బొమ్మ రాకపోయినా బృందంలో మీకు చోటుంది

పోయిన నెల ఇదే శీర్షికలో, కాలనీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ అన్ని రకాల మనుషులూ కలిసి బొమ్మలేసుకునే బృందాల గురించి ఒక పాఠకురాలికి జవాబు రాశాను. అది చదివి చాలామంది రాశారు. వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, ఊరు వదిలి సిటీకొచ్చి ఫ్లాట్‌లో నాలుగు గోడల మధ్య కూర్చున్న పెద్దవాళ్లు, పదిమందిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే కుర్రాళ్లు, అందరిదీ దాదాపు ఒకటే గుబులు. అక్కడికి వెళ్తే మమ్మల్ని కలుపుకుంటారా, మూలన కూర్చోబెడతారా అని. ఈసారి పేజీలన్నీ దీనికే. పేర్లు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఏరియా మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది సిద్దిపేట వైపు పల్లె. మా ఆయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశాను. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారం శనివారం బొమ్మలేస్తారట, వెళ్లమని కోడలు ఒకటే పోరు. నేను చదివింది ఏడో తరగతి. పెన్సిల్ పట్టి ఎన్నేళ్లయిందో. వచ్చేవాళ్లంతా ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు. నాకు ఏ కళా రాదు, వెళ్లి నవ్వులపాలవడం ఎందుకు అనిపిస్తుంది. (నిజాంపేట)

జవాబు: అమ్మా, ఏ కళా రాదని ఎలా అంటారు? సిద్దిపేట వైపు పుట్టి పెరిగి బతుకమ్మ పేర్చకుండా ఉన్నారా? సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు వరుస మీద గునుగు వరుస పెట్టి, గునుగు కొసల్ని రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఏ రంగు పక్కన ఏది పెడితే రెండూ నిలుస్తాయో కళ్లతోనే తూచి, పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గిస్తూ, మధ్యలో బోలుగా ఉన్న చోట ఆకులూ కాడలూ కుక్కి, చెరువు దాకా ఎత్తుకెళ్లినా చెదరకుండా నిలబెట్టి ఉంటారు. మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పిల్లలకు రంగుల పొందిక, ఆకారం, బరువు అని పాఠాలు చెప్పేది కూడా వీటి గురించే.

పైగా బతుకమ్మ ఒక్కరి చేతి పని కాదు. ఒకరు పూలు తెంపుకొస్తారు, ఒకరు కాడలు సమంగా కోస్తారు, ఒకరు పేరుస్తారు, పిల్లలు అందిస్తారు, అయిపోయాక ఎవరూ సంతకం పెట్టరు. అందరూ కలిసి బొమ్మలేసే బృందం సరిగ్గా నడిస్తే అచ్చం అలాగే నడుస్తుంది, కాబట్టి అది మీకు పరాయి చోటేమీ కాదు.

మొదటి రోజే బ్రష్ పట్టాలని పట్టింపు పెట్టుకోకండి. ఏదైనా పని ఉంటే చెప్పండని అడగండి. రంగులు కలపడం, కాగితం కోయడం, ముగ్గు చుక్కలు పెట్టివ్వడం, ఏదైనా సరే. చేతిలో పని ఉంటే ఎటు చూడాలో తెలియని ఇబ్బంది పోతుంది, పక్కవాళ్లతో మాట కలపడానికి సాకు కూడా దొరుకుతుంది. ఇంగ్లిష్ సంగతి మొహమాటపడకుండా అడిగేయండి. "తెలుగులో చెప్పండమ్మా, నాకు అర్థం కావట్లేదు" అంటే చాలు. అంతమందిలో అర్థం కానివాళ్లు మీరొక్కరే ఉండరు, మిగతావాళ్లు అడగలేక ఊరుకుంటున్నారు. కోడల్ని తలుపు దాకా రమ్మనండి, పక్కన మాత్రం కూర్చోవద్దని చెప్పండి. ఎంత ప్రేమగల పిల్లయినా పక్కనుంటే మిమ్మల్ని అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్పేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఆటిజం ఉంది. మాటలు తక్కువ, రంగులంటే ప్రాణం. 'అందరికీ స్వాగతం' అన్న పోస్టర్ చూసి ఒక ఆర్ట్ గ్రూపుకు తీసుకెళ్లాం. అరగంటకే చెవులు మూసుకుని గట్టిగా అరిచాడు. మిగతావాళ్లు డిస్టర్బ్ అవుతున్నారు, ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి అన్నారు. మళ్లీ ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే మా ఆవిడకు టెన్షన్. (మలక్‌పేట)

జవాబు: ఆ మాట మీరు వినాల్సి రావడం చాలా బాధగా ఉంది. అందరికీ స్వాగతం అని రాసేముందు గదిని అందుకు సిద్ధం చేసుకోవాలి, వాళ్లు చేసుకోలేదు. తప్పు మీ అబ్బాయిది కాదు. అతను అరిచాడంటే ఆ గదిలో ఏదో ఒకటి తట్టుకోలేనంత ఎక్కువైందని అర్థం. ట్యూబ్‌లైట్ గుయ్‌మనడం, ఫ్యాను కటకట, కుర్చీలు ఈడ్చే చప్పుడు, ఒకేసారి పదిమంది మాటలు, టర్పెంటైన్ వాసన, మనం పట్టించుకోని ఇలాంటివి ఆటిజం ఉన్న చాలామందికి భరించలేనంతగా ఉంటాయి.

ఈసారి ఏ బృందంలోనైనా చేర్చే ముందు నడిపేవాళ్లతో కాసేపు కూర్చుని మాట్లాడండి. ఎవరూ లేని వేళ ఒకసారి తీసుకొచ్చి గది చూపించొచ్చా? ప్రతిసారీ అదే కుర్చీ ఇస్తారా, వీలైతే వీపు గోడ వైపు ఉండేట్టు? హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు కదా? మధ్యలో లేచి కాస్త తిరిగి రావడానికి వరండా ఉందా? ఆరోజు ఏం జరగబోతోందో ఒక కార్డు మీద చిన్న చిన్న బొమ్మలతో వరుసగా గీసి బల్ల మీద పెట్టమనండి, ముందు ఏప్రన్, తర్వాత రంగులు, తర్వాత చేతులు కడుక్కోవడం, తర్వాత ఇంటికి. తర్వాత ఏమవుతుందోనన్న భయం దానితోనే చాలా తగ్గుతుంది. మొదట్లో 20 నిమిషాలే ఉండి, అతను బాగున్నప్పుడే బయటికి వచ్చేయండి. అలసిపోయి అరిచేదాకా ఆగితే ఆ చోటంటేనే భయం పట్టుకుంటుంది.

వెళ్లగానే ఏదో ఒకటి గీసెయ్యాలని కూడా ఎదురుచూడకండి. అమెరికాలోని ఓక్లాండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అనే ఆర్ట్ సెంటర్ 1974 నుంచి నడుస్తోంది, వైకల్యం ఉన్న పెద్దవాళ్లు అక్కడికి వచ్చి తమ పని తాము చేసుకుంటారు. జుడిత్ స్కాట్ 1987లో అక్కడ చేరింది. ఆమెకు డౌన్ సిండ్రోమ్, చెవులూ వినపడవు. ఏడేళ్ల వయసులో ఇంటి నుంచి పంపించేస్తే దాదాపు 35 ఏళ్లు సంస్థల్లోనే గడిచిపోయాయి, చివరికి కవల సోదరి పట్టుబట్టి బయటికి తెచ్చుకుంది. కాగితాలూ రంగులూ ఇస్తే ఆమె చాలాకాలం ఆసక్తే చూపలేదు. అయినా రావద్దని ఎవరూ అనలేదు. ఒకసారి దారాలతో పనిచేసే కళాకారిణి వచ్చి క్లాసు తీసుకున్నప్పుడు ఆ నూలు పట్టుకుంది, ఇక వదల్లేదు. వస్తువుల చుట్టూ దారాలు చుట్టి చుట్టి పెద్ద పెద్ద శిల్పాలు చేసింది. 2005లో చనిపోయింది, ఆమె శిల్పాలు ఇప్పుడు పేరున్న మ్యూజియాల్లో ఉన్నాయి. మీ అబ్బాయి అంతటివాడు కావాలని నేను అనడం లేదు. తనకు నచ్చే వస్తువు చేతికి తగిలేదాకా ఆమె కుర్చీ ఆమెకు ఉంచారు చూడండి, ఆ ఓపిక మీ అబ్బాయికీ దక్కాలి.

చట్టం సంగతి కూడా తెలిసుంటే మంచిది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 రకాలను గుర్తించింది. అందులో 29వ సెక్షన్, సాంస్కృతిక జీవితం, వినోదం వీళ్లకూ అందరితో సమానంగా అందేలా చూడమని ప్రభుత్వాలకు చెప్తుంది. కాలనీ గ్రూపును కోర్టుకు లాగమని నేను చెప్పట్లేదు, అడిగేటప్పుడు బతిమాలే గొంతు అక్కర్లేదని చెప్తున్నాను. అతనికి ఏ చప్పుడు, ఏ స్పర్శ పడదో మీకే స్పష్టంగా తెలియకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి వెళ్లి నిపుణులతో మాట్లాడండి, మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది. అమ్మగారికి చెప్పండి, ఈసారి గది ముందు సిద్ధమవుతుంది, తర్వాతే మీరు వెళ్తారు.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా కాలనీలో చిన్నా పెద్దా, వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, హిందువులూ ముస్లింలూ అందరూ కలిసి కూర్చునే ఆర్ట్ గ్రూపు పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బు సంగతేంటి? చూపు లేనివాళ్లు వస్తే ఏం చేయించాలి? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మాస్టారూ, మీలాంటివాళ్లు కాలనీకొకరు ఉంటే ఈ పేజీలో సగం ఉత్తరాలు వచ్చేవి కావు. కాస్త వివరంగానే చెప్తాను.

రంగులు కొనేముందు చోటు చూడండి. కమ్యూనిటీ హాలు మొదటి అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే, ఎంత ఫ్రీగా ఇచ్చినా వదిలేయండి, కింద పార్కింగ్‌లో బల్లలేసుకున్నా అంతకంటే మేలు. ఉన్నవి రెండు మెట్లేగా, చెక్క వేసి ఎక్కించేద్దాం అంటారు కొందరు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఏటవాలు ఉండాలన్నది లెక్క, అర అడుగు ఎత్తుకైనా ఆరడుగుల ర్యాంపు కావాలి. అంతకంటే నిటారుగా వేస్తే వీల్‌చెయిర్‌ను ఎవరో ఒకరు నెట్టాల్సిందే, వచ్చిన ప్రతిసారీ నలుగురి సాయం అడగాల్సిన మనిషి మూడోసారి రాడు. టాయిలెట్ తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లైనా ఉందో లేదో టేపు పెట్టి కొలవండి. చాలా బృందాలు ఈ ఒక్క టాయిలెట్ దగ్గరే మనుషుల్ని పోగొట్టుకుంటాయి, వాళ్లు సిగ్గుతో కారణం చెప్పరు కాబట్టి ఆసక్తి లేదేమో అనుకుని వదిలేస్తారు.

వేళ కూడా అంతే. ఇంటి పని చూసుకునే ఆడవాళ్లకు పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వీలవుతుంది, సాయంత్రం అస్సలు కుదరదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ పెట్టకండి, రంజాన్ నెలలో సాయంత్రాలు వద్దు. మీ దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో ఉంది, స్టేషన్లో లిఫ్టు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి దూరం నుంచి రావడం వాళ్లకు మునుపంత భారం కాదు. పోస్టర్‌ను తెలుగులో, ఉర్దూలో వేయించండి, ర్యాంపు ఉందనీ టాయిలెట్ ఉందనీ దాని మీదే రాయండి.

డబ్బుకు ఫీజు పెట్టొద్దు. ఒక డబ్బా పెట్టండి, వేయగలిగినవాళ్లు వేస్తారు, ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడకూడదు. మొదట్లో కొనాల్సింది కూడా తక్కువే. పాత పెళ్లి పత్రికలు, టైలర్ దగ్గర మిగిలే గుడ్డ ముక్కలు, న్యూస్‌పేపర్లు, సుద్ద, జాజు, పసుపు. చెయ్యి వణికేవాళ్లకూ పట్టు లేనివాళ్లకూ బ్రష్ కాడకు పాత సైకిల్ ట్యూబు ముక్కో గుడ్డో మందంగా చుట్టండి, కాగితాన్ని బల్లకు టేపుతో అంటించేస్తే ఒక్క చేత్తో గీసేవాళ్లకు జారదు.

ఇక చూపు లేనివాళ్ల సంగతి. మేము కూర్చునే బృందంలో చేర్యాల మాస్కులు చేస్తుంటాం. చేర్యాల మీకు తెలియంది కాదు, సిద్దిపేట జిల్లాలో నకాషీ కళాకారుల ఊరు, గుడ్డ మీద కథలు గీసే పటాలతో పాటు మాస్కులకూ పేరు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముఖం తీర్చి, ఆరాక సుద్ద పూసి రంగులేస్తారు. మా దగ్గరికి షుగర్ వల్ల చూపు పోయిన ఒక పెద్దాయన వచ్చేవారు, ఒకప్పుడు టైలర్. మొదటిసారి ముద్ద అరచేతిలో పెడితే వేళ్ల మధ్య నలిపి, పొట్టు ఇంకాస్త పడాలి అన్నారు. వేశాం. చిప్ప మీద బొటనవేలితో ముక్కు నిలబెట్టి, తన ముఖం తడుముకుని, మళ్లీ చిప్ప తడిమి, ముక్కుకు రెండు పక్కలా పల్లం ఇంకా లోతుకు నొక్కారు. పక్కన ఎనిమిదో తరగతి పిల్ల చేసిన ముక్కు జారిపోతోంది. "తాతా, మీది ఎట్లా నిలబడింది?" అని అడిగితే ఆ పిల్ల బొటనవేలు పట్టుకుని ఎక్కడ ఎంత నొక్కాలో నొక్కించి చూపించారు. ఆ తర్వాత నుంచి ముద్ద పదును చూడడం ఆయన పనైపోయింది. ఆయన వేళ్లతో నలిపి సరే అన్నాకే ఎవరైనా చిప్ప తీసుకునేది. ఆయన ఆలస్యంగా వస్తే అందరూ ఫోన్ చేసేవాళ్లు.

నేను ఈ పేజీలో గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే మాస్టారూ. వచ్చిన ప్రతి మనిషికీ, అతను రాకపోతే ఆగిపోయే పని ఒకటి అప్పజెప్పండి. చప్పట్లు, సర్టిఫికెట్లు, 'సూపర్ ఉంది అంకుల్' అనడం ఇవన్నీ ఇంటికెళ్లేలోపు మర్చిపోతాం. నా కోసం అక్కడ పని ఆగి ఉంది అనుకున్న మనిషి మాత్రం ఒంట్లో బాగోకపోయినా లేచి తయారవుతాడు. ధైర్యం అలా వస్తుంది, ఇది నా చోటు అన్న భావమూ అలాగే వస్తుంది.

చూపు లేకపోతే బొమ్మలేంటి అని కాలనీలో ఎవరైనా అంటే వినోద్ బిహారీ ముఖర్జీ గురించి చెప్పండి. శాంతినికేతన్ చిత్రకారుడు, చిన్నప్పటి నుంచీ చూపు అంతంతమాత్రమే. 1950లలో కంటి ఆపరేషన్ తర్వాత అది పూర్తిగా పోయింది. ఆయన ఆపలేదు, రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, బొమ్మలు చేశారు, 1972లో శాంతినికేతన్ కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రం కూర్చారు.

మీరు డ్రాయింగ్ టీచర్ కాబట్టి ఒక్కటి ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. వేరేవాళ్ల కాగితం మీద మీ చెయ్యి పెట్టి దిద్దకండి. ఎంత వంకరగా ఉన్నా సరే. కావాలంటే మీ కాగితం మీద గీసి చూపించండి. పోటీలు, ఫస్ట్ ప్రైజులు వద్దు. ఆరేడు నెలలయ్యాక అందరూ కలిసి ఒక గోడ వేద్దామంటే వేయండి, ముందు ఆ గోడ ఎవరిదో వాళ్లను అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని మరీ. నెక్లెస్ రోడ్ దగ్గర ఎంఎస్ మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ తరఫున చిత్రకారులు ఇళ్ల గోడల మీద వేసిన బొమ్మలు చూడ్డానికి మీ బృందాన్ని ఒక రోజు తీసుకెళ్లండి. మీ గోడకు మాత్రం ఏ బొమ్మ వేయాలో మీ బృందమే కూర్చుని తేల్చుకోవాలి, పైనుంచి ఎవరో గీసిచ్చిన గీతల్లో మీవాళ్లు రంగు నింపడం వరకే అయితే అది మీ గోడ కాదు.

ప్రశ్న: వయసు 27, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నత్తి ఉంది. ఆదివారాలు చార్మినార్, చౌమహల్లా వైపు తిరిగి స్కెచ్‌లు వేసే గ్రూపుకు కొన్ని నెలలుగా వెళ్తున్నాను. నా బొమ్మలు బాగుంటాయని అందరూ మెచ్చుకుంటారు. అయినా ఇరానీ చాయ్ దగ్గర నేనొక్కణ్ణే పక్కన నిలబడతాను. ఇంకా బయటివాణ్ణే అనిపిస్తుంది. (గచ్చిబౌలి)

జవాబు: తమ్ముడూ, మీ గ్రూపులో తప్పు పట్టాల్సిన మనుషులెవరూ ఉన్నట్టు లేదు, పని తీరులోనే ఉంది చిక్కు. ఎవరి పుస్తకంలో వాళ్లు గీసుకుని, చివర్లో చూపించుకుని, బాగుంది అనుకుని లేచిపోతున్నారు. అందులో ఒకరితో ఒకరికి అవసరమే పడట్లేదు. ఒక ఆదివారం మీరే ఒక పొడవాటి కాగితం చుట్ట తీసుకెళ్లండి. లాడ్ బజార్‌లో వరుసగా నాలుగైదు గాజుల దుకాణాలు ఎంచుకుని తలా ఒక దుకాణం గీయాలి, ఒకరి గీత ముగిసే చోట పక్కవాళ్ల గీత కలవాలి అని చెప్పండి. రేకు పందిరి ఎంత ఎత్తులో వదిలావు, తీగ ఎక్కడ తెగింది అని అడక్కుండా ఎవరూ ముందుకు కదలలేరు. ఆ మాటలు పొట్టిగా ఉంటాయి, చేత్తో చూపిస్తూ చెప్పొచ్చు, మీకు అవి కష్టం కావు.

నత్తి గురించి ఒక్కరికి చెప్పండి, అందరి ముందూ ప్రకటించక్కర్లేదు. "నాకు మాట కాస్త ఆలస్యమవుతుంది, పూర్తయ్యేదాకా ఆగితే చాలు, మధ్యలో అందించకండి" అంటే అర్థం చేసుకుంటారు, వాళ్లే మిగతావాళ్లకు చేరవేస్తారు. బృందాలు నడిపేవాళ్లకూ ఒక మాట. గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరూ పేరు చెప్పండి అనే పద్ధతి మానేయండి. నత్తి ఉన్న చాలామందికి సొంత పేరే అన్నిటికంటే కష్టంగా పలుకుతుంది, తమ వంతు వచ్చేదాకా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. పేర్లు కార్డు మీద రాసి తగిలించుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: నాకు ఇదంతా డబ్బున్నవాళ్ల సరదాలా కనిపిస్తోంది. నిజంగా ప్రయోజనం ఉందా, ఉత్త మాటలేనా? (బోరబండ)

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ఒక నివేదిక వేసింది, 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బులు రాకుండా చూడడంలోనూ వచ్చాక తట్టుకోవడంలోనూ కళలకు పాత్ర ఉందని తేల్చింది. 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగుపెన్నులు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడికి గుర్తుగా చూసే కార్టిసాల్ తగ్గింది. ముందే బొమ్మలు వచ్చినవాళ్లకూ అసలు రానివాళ్లకూ పెద్ద తేడా లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముక్కే. 39 మంది చిన్న సంఖ్య, దాన్ని పట్టుకుని అన్ని బాధలకూ ఇదే మందు అనడం తప్పు. డబ్బు మాటకొస్తే సుద్దముక్కకూ ముగ్గు పిండికీ ఎంతవుతుంది చెప్పండి? ఖర్చంతా గది అద్దెకూ ఏసీకీ పెడుతున్నారు, ఆ గ్రూపుల్ని చూసి మీకు అలా అనిపించి ఉంటుంది. మీ బస్తీలో అంగన్‌వాడీ ముందు అరుగు చాలు.

ప్రశ్న: నేను వీల్‌చెయిర్ వాడతాను. మా బృందం బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, వచ్చిన అతిథులందరితో ఫొటోలు తీయించారు. మైకులో నా వైకల్యం గురించి చెప్పారు. నేను వేసిన మూసీ బొమ్మ గురించి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. కోపం వచ్చింది, పైకి నవ్వాను. నాది అతి సున్నితమా? (తార్నాక)

జవాబు: కాదు. మీ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. మీరు నెలల తరబడి కూర్చుని నది రంగు పట్టుకోవాలని చూస్తే, వాళ్లు చక్రాలు చూసి వెళ్లిపోయారు. ఇది చేసేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు, అందుకే ఎవరూ ఆపరు, అలా సాగిపోతూ ఉంటుంది. వచ్చే ప్రదర్శనకు ముందే బృందం మీటింగ్‌లో ఈ విషయం తేల్చేయండి. బొమ్మ కింద కార్డు మీద వేసినవాళ్ల పేరు, ఏ రంగులు, ఎంత సైజు, అమ్మకానికైతే ధర, ఇంతే ఉండాలి. జబ్బు పేరు, వైకల్యం పేరు ఉండకూడదు, వేసినవాళ్లు కోరితే తప్ప. ఎవరి ఫొటో తీయాలన్నా ముందు వాళ్లనే అడగాలి, వాళ్లమ్మనో నాన్ననో కాదు. అతిథిని పిలిస్తే ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, వేసినవాళ్లతో బొమ్మ గురించే మాట్లాడాలని ముందే చెప్పాలి. ప్రారంభోత్సవం మెట్లున్న వేదిక మీద పెట్టకూడదు, ర్యాంపు లేకపోతే అందరూ కిందే నిలబడాలి.

ఈ మాటలు మీరు ఒక్కరే చెప్పాల్సిన అవసరం లేకుండా బృందంలో ఇంకొకరిని ముందే కలుపుకోండి. ఒప్పుకోకపోతే మీ బొమ్మ ఆ ప్రదర్శనకు ఇవ్వకండి, బృందం వదలకండి. ఇంతకీ ఆ మూసీ ఏ వంతెన దగ్గరిది? సాలార్‌జంగ్ మ్యూజియం వైపు నుంచా, చాదర్‌ఘాట్ వైపు నుంచా? వీలైతే ఫొటో తీసి పంపండి, మీరు ఒప్పుకుంటే పేరుతో సహా ఈ పేజీలో వేస్తాను.

ప్రశ్న: డిప్రెషన్‌కు కొంతకాలంగా మందులు వాడుతున్నాను. రంగులు, మనుషులు ఉంటే మందులెందుకు, ఆర్ట్ గ్రూపులో చేరి అవి ఆపేయమని మా బంధువు ఒకాయన సలహా. చేయొచ్చా? (అల్వాల్)

జవాబు: గ్రూపులో చేరండి, మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇలాంటి మందులు ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, జబ్బు మళ్లీ తిరగబెట్టడం లాంటివి జరగొచ్చు. తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టర్ చూసి చెప్పాలి. ఆర్ట్ థెరపీ అనేది వేరే విద్య, దానికి శిక్షణ పొందినవాళ్లు ఉంటారు, కాలనీలో బొమ్మల బృందం నడిపే అక్కో అన్నో మీ వైద్యులు కారు, వాళ్ల మీద ఆ బరువు పెట్టడం వాళ్లకూ మంచిది కాదు.

చేరాక కొన్ని రోజులు లేవబుద్ధి కాదు, అది మామూలే. బృందంలో ఒకరికి మీ నంబరిచ్చి, ఎందుకు రాలేదు అని అడక్కుండా, ఈరోజు ఫలానా పని ఉంది వస్తావా అని మాత్రం ఫోన్ చేయమనండి. వెళ్లిన రోజు మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకండి, బ్రష్‌లు కడిగి వచ్చేసినా వెళ్లినట్టే లెక్క. బాగా చీకటిగా అనిపించిన రోజు, బతకాలని లేదన్న ఆలోచన వచ్చిన రోజు మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగకండి, వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.